మెదడులోని ప్రక్కదారులు

పక్షవాతమును చూడని ఊరు లేదు. నిన్న సాయంకాలము వరకు తన పనులు తాను చేసికొన్న మనిషి తెల్లవారుసరికి ఒక చేయి, ఒక కాలు కదల్పలేక, నోట మాట తడబడి మంచము పట్టుట మనలో అనేకులు తమ యిండ్లలోనో, ఇరుగుపొరుగు ఇండ్లలోనో చూచినదే. చరకసంహిత దీనిని వాతవ్యాధులలో చేర్చెను. మనము నేటికిని వాడుచున్న పేరు ఆ లెక్కనుండి వచ్చినదే. ప్రాచీన గ్రీకు వైద్యులు ఇట్టి హఠాత్పతనమునకు ‘అపోప్లెక్సియా’ అని పేరు పెట్టిరి. దెబ్బ తిని కూలుట అని దాని భావము. దెబ్బ కొట్టినదెవరో, ఎక్కడ తగిలినదో వారెరుగరు.

అయితే ఈ వ్యాధిని దగ్గరగా చూచినవారికి ఒక సంగతి వింతగా తోచును. ఒకే వయస్సున ఒకే విధముగా జబ్బుపడిన ఇద్దరిలో ఒకరు మూడవనాటికి మరణింతురు. రెండవవారు నెల తిరుగునప్పటికి కఱ్ఱ పట్టుకొని వాకిటికి వత్తురు. ఇంకొకరికి మెదడునకు పోవు పెద్ద రక్తనాళమే పూర్తిగా మూసికొనిపోయియు, ఆ సంగతి బ్రతికినంతకాలము తెలియనే తెలియదు. ఇది అదృష్టమా? ఆయుర్దాయమా? లేక దేహనిర్మాణములోనే దీనికి కారణమున్నదా? ఈ ప్రశ్నను ఒక వైద్యుడు స్పష్టముగా వేసి మూడువందల అరువది యేండ్లు దాటినది. దానికి సమాధానము దొరకిన క్రమమే మేము ఇచట చెప్పదలచిన చరిత్ర.

ముందుగా మెదడునకు నెత్తురు చేరు మార్గమును తెలిసికొందము. మెదడు బరువు దేహపు బరువులో రమారమి నూటికి 2 వంతులు. కాని దేహము వినియోగించు ప్రాణవాయువులో ఐదవవంతును అదియే తీసికొనును. నిలువ చేసికొను శక్తి దానికి దాదాపు లేదు. నెత్తురు నిలిచిన కొన్ని క్షణములలో తెలివి తప్పును. కొన్ని నిమిషములలో కణములు చచ్చుటకు ఆరంభించును. ఈ నెత్తురును నాలుగు ధమనులు మోసికొని వచ్చును. మెడకు ముందువైపున కుడియెడమల ఎక్కునవి రెండు; వీనిని కరోటిడ్ ధమనులందురు. గొంతు ప్రక్కన వ్రేలుంచినచో కొట్టుకొనుచు తెలియునవి ఇవియే. మెడపూసల రంధ్రములగుండా వెనుకనుండి ఎక్కునవి మరి రెండు. ఇవి వెర్టెబ్రల్ ధమనులు. కపాలము అడుగున ఈ మార్గములన్నియు చిన్న నాళములచే ఒకదానితో నొకటి కలిసి ఒక వలయముగా ఏర్పడును. ఆ వలయమునుండి బయలుదేరిన శాఖలు మెదడంతట వ్యాపించును.

ఇంత స్పష్టముగా కనబడు వలయమును ప్రాచీనులు సరిగా గుర్తింపలేదు. రెండవ శతాబ్దపు మహావైద్యుడు గేలెన్ ఎద్దులను, గొఱ్ఱెలను కోసి చూచి, వాని మెదడు అడుగున సన్నని ధమనుల వల యొకటి ఉండుట కనుగొని, మనుష్యులకును అట్టిదే ఉన్నదని వ్రాసెను. ప్రాణశక్తి ఆ వలలోనే మనశ్శక్తిగా మారునని ఆయన సిద్ధాంతము. ఈ మాట పదమూడు శతాబ్దములు చెల్లినది. 1521లో బొలోన్యా నగరపు బెరెంగారియో తాను ఎన్ని శవములు కోసినను మనుష్యునిలో ఆ వల కనబడలేదని తెలిపెను. 1543లో వెసేలియస్ కూడ దానిని త్రోసిపుచ్చెను. 1628లో విలియం హార్వే నెత్తురు గుండెనుండి బయలుదేరి మరల గుండెకే చేరుచు తిరుగుచున్నదని నిరూపించెను. నెత్తురు ప్రవహించునదియైనప్పుడు ఆ ప్రవాహమునకు ఆటంకము కలిగిన నేమగునను ప్రశ్న సహజముగనే పుట్టెను. స్విట్జర్లండులోని షాఫ్‌హౌజెన్ వైద్యుడు వెప్ఫర్ 1658లో వెలువరించిన గ్రంథమున, హఠాత్తుగా కూలి మరణించినవారి మెదళ్ళను కోసి చూచి, లోపల నెత్తురు చిమ్ముటయో, నెత్తురు రాక నిలిచిపోవుటయో దీనికి కారణమని చెప్పెను. నేటికిని వైద్యులు పక్షవాతమును ఈ రెండు తరగతులుగనే విభజించుచున్నారు. మన కథ రెండవదానికి సంబంధించినది. ఎక్కువమందికి వచ్చునదియు అదియే.

వెప్ఫర్ గ్రంథము వెలువడిన ఆరేండ్లకు, 1664లో, ఇంగ్లండున థామస్ విల్లిస్ ‘సెరిబ్రి అనాటొమె’ అను లాటిన్ గ్రంథమును ప్రకటించెను. విల్లిస్ ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమున ప్రకృతిశాస్త్రాచార్యుడు. ఆయనకు తోడ్పడినవారు సామాన్యులు కారు. శవచ్ఛేదనమున కుడిభుజముగా నిలిచినవాడు రిచర్డు లోయర్. చిత్రములు వ్రాసి యిచ్చినవారిలో క్రిస్టఫర్ రెన్ ఒకడు. అటుపిమ్మట లండనులోని సెయింట్ పాల్ మహామందిరమును నిర్మించినవాడు ఈ రెన్‌యే. మెదడు అడుగునగల ధమనీవలయమును ఆ గ్రంథపు చిత్రము చూపినంత చక్కగా అంతకుముందు ఎవరును చూపలేదు. వలయములోని భాగములను విల్లిస్‌కు ముందు కొందరు చూడకపోలేదు. ఫల్లోపియో, కస్సేరియో, వెప్ఫర్ మొదలగువారు దానిని కొంతకొంత వర్ణించియుండిరి. అయినను అది నేటికిని ‘విల్లిస్ వలయము’ అనియే పేరొందుటకు కారణమున్నది. మిగిలినవారు దాని రూపమును చూచిరి. విల్లిస్ దాని పనిని అడిగెను.

ఆ ప్రశ్న పుట్టిన విధము తెలిసికొనదగినది. కడుపులో పెద్ద గడ్డ పెరిగి మరణించిన ఒక మనుష్యుని శవమును విల్లిస్ పరీక్షించెను. తల తెరచి చూడగా, కుడివైపు కరోటిడ్ ధమని కపాలములోపల రాయివలె గట్టిపడి, దాని రంధ్రము దాదాపు పూర్తిగా మూసికొనిపోయియుండెను. మెదడునకు పోవు నాలుగు రాజమార్గములలో ఒకటి ఎప్పుడో మూతపడినదన్నమాట. అట్టివాడు చాల కాలము క్రిందటనే అపోప్లెక్సీతో కూలవలసినది గదా, ఎట్లు బ్రతికెను? విల్లిస్ మరికొంత వెదకెను. అదే వైపున, వెనుకనుండి ఎక్కు వెర్టెబ్రల్ ధమని రెండవవైపు దానికంటె మూడు రెట్లు లావెక్కియుండుట కంటబడెను. ముందుదారి మూసికొనినప్పుడు వెనుకదారి వెడల్పై, ఆ బరువును తానే మోసినది.

విల్లిస్ ఊహతో తృప్తిపడలేదు. ఒక కరోటిడ్ ధమనిలోనికి సిరా కలిపిన ద్రవమును పిచికారితో ఎక్కించి చూడగా, అది ఆ ఒక్క వైపుననే నిలువక రెండవవైపు నాళములలోనికిని చేరెను. బ్రతికియున్న కుక్కకు రెండు కరోటిడ్ ధమనులను కట్టివేయగా అది చావలేదు. కావున ఒకటి రెండు మార్గములు మూతపడినను తక్కినవానినుండి నెత్తురు అంతటికిని అందుటకే ఈ వలయము ఏర్పడినదని ఆయన నిర్ణయించెను. చికిత్స ఏమియు లేని కాలమున చెప్పిన మాట ఇది. దానివలన అప్పటి రోగి ఒక్కడును బాగుపడలేదు. కాని రోగి బ్రతుకుట దైవాధీనమనియే కాక, దారుల అధీనము కూడ అని మొదట తెలిసినది అప్పుడే.

మన డెల్టాలలో వ్యవసాయము చేసినవారికి ఇది సులభముగా బోధపడును. పెద్దకాలువ పూడినను, ప్రక్కకాలువకు బోదె కలిసియున్న చేను వెంటనే ఎండదు. నీరు చుట్టు తిరిగి, సన్నగా, ఆలస్యముగా వచ్చినను పైరును కొన్నాళ్ళు నిలుపును. బోదె లేని చేను మూడవనాటికే వాడును. మెదడులోని ఈ ప్రక్కదారుల ప్రవాహమునే వైద్యులు కొల్లాటరల్ రక్తప్రసారమందురు.

తరువాతి శతాబ్దమున ఈ విషయము కత్తిపట్టిన శస్త్రవైద్యుల చేతికి వచ్చెను. 1785లో లండనున జాన్ హంటర్, మోకాలి వెనుక ధమని ఉబ్బి ప్రాణాపాయముననున్న ఒక బండివానికి, తొడయందలి పెద్ద ధమనినే కట్టివేసెను. కాలు కుళ్ళిపోవునని భయపడవలసినది. కాని ప్రక్క నాళములు వెడల్పై కాలిని కాపాడెను. కాలికి చెల్లినది తలకు చెల్లునా? హంటర్ శిష్యుడైన ఆస్ట్లీ కూపర్ 1805లో మెడయందలి కరోటిడ్ ధమనిని కట్టివేసెను. ఆ రోగి దక్కలేదు. 1808లో మరల సాహసించెను. ఈ రోగి కోలుకొని, మరి 13 ఏండ్లు జీవించెను. 1821లో అతడు మరణించిన పిదప కూపర్ శవమును పరీక్షించి, నెత్తురు ఏ ప్రక్కదారులవెంట తిరిగి వచ్చినదో చూచి, ఆ వృత్తాంతమును 1836లో ప్రకటించెను. ఆ యేడే ఆయన జంతువులపై చేసిన ప్రయోగములనుగూడ వెల్లడించెను. నాలుగు ధమనులను కట్టివేసినను కుక్క బ్రతికెను, కుందేలు తాళలేకపోయెను. అనగా ప్రక్కదారుల బలము అన్ని ప్రాణులకును ఒకటి కాదు. మనుష్యులలో సైతము అందరికిని ఒకటి కాదని పిమ్మట తెలియవచ్చెను. గ్రంథములలో గీసినట్లు విల్లిస్ వలయము లోపము లేకుండ పూర్తిగా ఉండుట సగముకంటె తక్కువ మందియందేనని శవపరీక్షలు తెలిపినవి.

పందొమ్మిదవ శతాబ్దపు ఉత్తరార్ధమున ఈ విషయమై జర్మనీలో ఒక పెద్ద వివాదము నడచెను. నెత్తురు గడ్డకట్టి నాళమును మూయుననియు, ఆ గడ్డ ఒకచోటనుండి కొట్టుకొనిపోయి మరియొకచోట ఇరుకుకొనుననియు అంతకుముందే రుడాల్ఫ్ విర్హో నిరూపించియుండెను. ఆయన శిష్యుడు జూలియస్ కోన్‌హైమ్ కప్ప నాలుకయందలి నాళములను సూక్ష్మదర్శినితో పరీక్షించి, 1872లో ‘అంత్యధమని’ అను సిద్ధాంతమును ప్రతిపాదించెను. కొన్ని ధమనులు సందుగొందులవంటివి. వానికి ప్రక్క నాళములతో కలయిక లేదు. అట్టిది మూతపడినచో అది పోషించు భాగము చచ్చి తీరును. మెదడు ధమనులనుగూడ ఆయన ఈ జాబితాలో చేర్చెను.

దాదాపు అదే కాలమున లైప్‌జిగ్ నగరమున ఆటో హాయిబ్నర్ అను యువవైద్యుడు మెదడు ధమనులలోనికి రంగుద్రవములను ఎక్కించి చూచుచుండెను. ఒక శాఖను కట్టివేసి ప్రక్క శాఖలో రంగు పోయగా, అది మెదడు పైపొరయందలి సన్నని నాళములగుండా ప్రాకి, కట్టివేసిన శాఖ ఏలికలోని భాగమునకును చేరెను. 1874లో ఆయన వెలువరించిన గ్రంథమున, మెదడు ఉపరితలమున ధమనులన్నియు ఒకదానితో నొకటి కలిసియున్నవనియు, అడుగునుండి లోతునకు చొచ్చుకొనిపోవు చిన్న ధమనులకు మాత్రము అట్టి కలయిక లేదనియు తెలిపెను. అదే యేట పారిస్‌లో డ్యురే కూడ ఇట్లే పరిశోధించి, ఆ కలయికలు ఉన్నను అవి బహుస్వల్పములనెను.

ఎవరి మాట నిజము? నేడు వెనుకకు తిరిగి చూచిన ఇరుపక్షములందును సత్యమున్నట్లు కనబడును. లోతైన భాగములకు కోన్‌హైమ్ మాట చెల్లును. అచ్చటి ధమని మూసికొనినచో ప్రక్కనుండి ఆదుకొనువారు లేరు. పైపొరకు హాయిబ్నర్ మాట చెల్లును. అయితే ఆ కాలమున ఎక్కువ పలుకుబడి గలది కోన్‌హైమ్ సిద్ధాంతమే. అంత్యధమని మూసికొనినచో మెదడు చచ్చి తీరుననుట నమ్మిన వైద్యునికి రోగి మంచము ప్రక్కన చేయదగిన పని యేమున్నది? ధైర్యము చెప్పుట, వీపు పుండ్లు పడకుండ చూచుట, దినములు లెక్కించుట. శాస్త్రములోని సగము సత్యము రోగికి పూర్తి నిరాశగా మారుట ఇట్లే.

ఈ నిరాశ సడలుటకు ఇరువదవ శతాబ్దము కావలసివచ్చెను. 1927లో లిస్బన్ నగరమున ఎగాస్ మొనీజ్ కరోటిడ్ ధమనిలోనికి అయొడైడు ద్రావణమును ఎక్కించి, బ్రతికియున్న మనుష్యుని మెదడు ధమనులను ఎక్స్‌రే చిత్రమున చూపెను. అంతవరకు శవములయందు మాత్రమే కనబడిన దారులు రోగి ఊపిరి పీల్చుచుండగనే కనబడజొచ్చెను. 1951లో కెనడా వైద్యుడు మిల్లర్ ఫిషర్, మెడయందలి కరోటిడ్ ధమని మూసికొనుట అంతకుముందు తలచినట్లు అరుదు కాదనియు, పక్షవాతమునకు అది ముఖ్యకారణములలో ఒకటియనియు చూపెను. 1953లో వాండర్ ఎకెన్, ఆడమ్స్ అను ఇరువురు పైపొరయందలి కలయికలను మరల శ్రద్ధతో కొలిచి హాయిబ్నర్‌కు న్యాయము చేకూర్చిరి. ఆ నాళములు చాలవరకు మిల్లీమీటరులో సగమైనను లేనివి. అయినను పెద్దదారి మూసికొనిన వేళ ప్రాణము వాని మీదనే నిలుచును.

ప్రకృతి యిచ్చిన ప్రక్కదారి చాలనిచో మనమే ఒక దారి తీయరాదా యని శస్త్రవైద్యులు తలచిరి. 1967లో జూరిక్ నగరమున యాసర్‌గిల్, కణతపై చర్మమునకు పోవు ధమనిని కపాలములోనికి త్రిప్పి మెదడు ధమనికి అతికెను. అద్భుతమైన హస్తకౌశలమది. అనేక దేశములలో ఈ శస్త్రచికిత్స వ్యాపించెను. కాని 1985లో ప్రకటింపబడిన అంతర్జాతీయ పరిశోధనయందు 1,377 మంది రోగులను పరీక్షింపగా, ఈ కొత్తదారి వేసినవారికి మందులతోనే ఉన్నవారికంటె మేలు కలిగినట్లు తేలలేదు. దారి వేయుటయే చాలదు. అది ఎవరికి, ఏ సమయమున అవసరమో తెలియవలెనను గుణపాఠము దానివలన కలిగెను.

సమయమను ఈ మాటకు అర్థము చెప్పినది మరియొక పరిశోధన. మెదడునకు 100 గ్రాములకు నిమిషమునకు సుమారు 50 మిల్లీలీటర్ల నెత్తురు అందుచుండును. అది రమారమి 20కి దిగినచో కణములు పని మానును. చేయి పడిపోవును, మాట ఆగును. కాని కణములు చావవు. ఇంచుమించు 10కి దిగినప్పుడు మాత్రమే అవి త్వరలో నశించును. 1970వ దశకమున లండనులో సైమన్, ఆస్ట్రుప్ మొదలగువారు బబూన్ కోతులపై చేసిన ప్రయోగములవలన ఈ రెండు మెట్లు స్పష్టమైనవి. వీని నడుమనున్న భాగమునకు వారు గ్రహణశాస్త్రమునుండి ఒక పేరు తెచ్చిరి. గ్రహణమున నిండు చీకటి ప్రచ్ఛాయ. దాని చుట్టునున్న మసక ఉపచ్ఛాయ. మెదడులోని ఉపచ్ఛాయ పని మానినది గాని చావలేదు. నిద్రించినది గాని ఆరిపోలేదు. దానిని అట్లు నిలిపియుంచునది ప్రక్కదారుల నెత్తురే.

విల్లిస్ ప్రశ్నకు పూర్తి సమాధానము ఇచట దొరకినది. ఆయన చూచిన మనుష్యునికి ధమని మెల్లమెల్లగా, ఏండ్లతరబడి మూసికొనెను. ప్రక్కదారి వెడల్పగుటకు వ్యవధి చిక్కెను. గడ్డ వచ్చి హఠాత్తుగా అడ్డుపడినప్పుడు అంత వ్యవధి ఉండదు. అప్పుడు ప్రక్కదారులు రోగిని రక్షింపలేవు. రక్షించువారు వచ్చువరకు కాచియుండగలవు. ఎంతసేపు కాచునది ఒక్కొక్కరియందు ఒక్కొక్క విధము. పెద్ద ధమని మూసికొనిన రోగి సగటున నిమిషమునకు 19 లక్షల నాడీకణములను కోల్పోవునని 2006లో ఒక గణన ప్రకటితమైనది. మంచి ప్రక్కదారులున్నవానికి నష్టము నెమ్మది, లేనివానికి వేగము. వార్ధక్యము, మధుమేహము, దీర్ఘకాలపు రక్తపుపోటు ఈ సన్నదారులను బలహీనపరచును.

ఈ జ్ఞానము వైద్యమైనది ఇటీవలనే. 1995లో అమెరికాలో జరిగిన పరిశోధన, గడ్డను కరిగించు మందును 3 గంటలలోపల ఇచ్చినచో ఎక్కువమంది కోలుకొందురని చూపెను. 2008లో ఐరోపా పరిశోధన ఆ గడువును నాలుగున్నర గంటలకు పొడిగించెను. 2015లో ఇంతకంటె పెద్ద మార్పు వచ్చెను. తొడయందలి ధమనిగుండా సన్నని గొట్టమును మెదడు వరకు పంపి గడ్డను పట్టి వెలుపలికి లాగు చికిత్స, పలు పరిశోధనలలో ఆ యేట నెగ్గెను. వానిలో ‘ఎస్కేప్’ అనునది మన కథకు మిక్కిలి దగ్గరిది. అందు 316 మంది రోగులను తీసికొనుటకుముందు స్కానింగులో ప్రక్కదారుల నెత్తురు ఎట్లున్నదో పరిశీలించి, అది బొత్తిగా లేనివారిని మినహాయించిరి. గడ్డను తీసినవారిలో నూటికి 53 మంది మూడు నెలలకు తమ పనులు తాము చేసికొనగలిగిరి; మామూలు చికిత్స పొందినవారిలో అట్టివారు నూటికి 29 మంది మాత్రమే. 2018లో ప్రకటితమైన ‘డాన్’ పరిశోధన మరియొక అడుగు వేసెను. జబ్బుపడి 6 నుండి 24 గంటలైనను, మెదడులో చచ్చిన భాగము తక్కువయై బ్రతికింపదగిన భాగము ఎక్కువగానున్నవారిని ఎంచి గడ్డ తీయగా, నూటికి 49 మంది స్వతంత్రముగా జీవింపగలిగిరి. తీయనివారిలో 13 మంది మాత్రమే. రోగి మెదడును గడియారముతోనే కాక దాని దారులతోను కొలుచుట ఇట్లు ఆచరణకు వచ్చెను.

అయితే ఇరువదినాలుగు గంటలను మాట విని, తొందరలేదని ఎవరును తలపరాదు. ఆ గడువు ప్రక్కదారులు బలముగానున్న కొందరిది. తనవి బలమైనవో కావో జబ్బుపడకముందు ఎవరికి తెలియును? మూతి ఒకవైపునకు లాగినను, ఒక చేయి బలము తప్పినను, మాట తడబడినను, అది గాలి సోకుటయని, దిష్టియని, తెల్లవారిన పిదప చూతమని, నూనె మర్దనలతో కాలము గడుపుట మన యిండ్లలో ఇంకను ఉన్నది. ఆ మంచము ప్రక్కన గడచు ప్రతి గంటయు, ఆ సన్నని నాళములు కష్టపడి నిలిపిన మెదడును మనచేతులారా పోగొట్టుకొనుటయే. అట్టి వేళ 108కి ఫోను చేసి, స్కానింగు సదుపాయముగల ఆసుపత్రికి రోగిని చేర్చవలెను. జబ్బు ఎన్ని గంటలకు ఆరంభమైనదో గుర్తుంచుకొని వైద్యునికి చెప్పవలెను. లోపల గడ్డ అడ్డుపడినదో, నెత్తురు చిమ్మినదో ఇంటివారు గుర్తింపలేరు. కావున నోట మందులేవియు వేయరాదు. రక్తపుపోటు హెచ్చుగానున్నదని ఇంటనే మాత్రలు మింగించుటయు ప్రమాదకరమే. కాలువలో మట్టము ఒక్కసారిగా తగ్గినప్పుడు ముందుగా ఎండునవి శివారు చేలే గదా. ప్రక్కదారుల చివరనున్న మెదడునకును అదే గతి.

తరువాత కోలుకొనుటకు వ్యాయామము, మాటల అభ్యాసము, ఇంటివారి ఓర్పు కావలెను. మిగిలిన మెదడు పోయినదాని పనిని కొంత నేర్చుకొనగలదు. కాని నేర్చుకొనుటకు మొదట మిగులవలెను. మిగుల్చుటకై దేహము తన సన్నని దారులతో తన పని తాను చేయును. విల్లిస్ కాలమున ఆ దారులు కాచియున్నను వచ్చి రక్షించువారు లేరు. నేడు రక్షించు చికిత్స యున్నది. ఆ దారులు తెరచియున్నంతలో రోగిని దానికి చేర్చుట మనవంతు.